లైట్ చేపలు ఇక మా షాపులో ఉండవండి

భీమవరంలో మా అక్వేరియం షాపుకి వచ్చేవాళ్లు 'లైట్ చేపలు ఏవండీ, అయిపోయాయా?' అని అడుగుతున్నారు. అయిపోలేదండి, నేనే తీసేశాను. దాచడమెందుకు, షాపు అద్దెలో సగం వాటి మీదే వచ్చేది.

నీలం లైటు వేస్తే ఎర్రగా, పచ్చగా మెరిసే ఆ జీబ్రా చేపలకి రంగు మేత వల్ల వస్తుందని సరుకు వేసే ఆయన చెప్పాడు. నమ్మి, రెండేళ్లు మీకూ అదే చెప్పాను. తప్పు నాదే. అది జన్యువు మార్చి పుట్టించిన రంగు. 1999లో సింగపూర్ నేషనల్ యూనివర్సిటీ వాళ్లు జెల్లీఫిష్ జన్యువుని జీబ్రా చేపలో పెట్టారు, నీళ్లలో కాలుష్యం ఉంటే చేప మెరిసి చెబుతుందని. 2003 చివర్లో అమెరికాలో అలాంటి చేపే అమ్మకానికొచ్చింది. కాలుష్యం సంగతి పోయి టీవీ పక్కన షోకు మిగిలింది. మన దేశంలో 1989 నిబంధనల ప్రకారం ఇలాంటి జీవుల్ని కేంద్రం అనుమతి లేకుండా అమ్మకూడదు. అది తెలిసిన రోజు టెన్షన్‌తో షాపు గంట ముందే కట్టేశాను.

నిజానికి ఆ చేప బాధపడుతున్నట్టు నాకెప్పుడూ కనబడలేదు. మామూలు జీబ్రాలాగే తిరిగేది. బ్లడ్ ప్యారెట్ అనే అక్వేరియం చేప సంగతి వేరు. దాని జన్యువుని ఎవరూ ముట్టుకోలేదు, రెండు జాతుల్ని కలిపి పుట్టించారంతే. నోరు సరిగ్గా మూతపడదు, మేత అందుకోవడానికి దాని అవస్థ రోజూ చూశాను. ల్యాబ్‌లో చేస్తే పాపం, జత కట్టిస్తే పుణ్యం అని నేననలేను. అదీ తెప్పించడం ఆపేశాను. 'మరి అలాగే జత కట్టించి తయారుచేసిన ఆ గుండ్రటి పొట్ట గోల్డ్‌ఫిష్ ఎందుకు అమ్ముతున్నావు?' అంది మా ఆవిడ. అదీ ఆపితే షట్టర్ దించుకోవడమే. ఇంకా తేల్చుకోలేదు.

మీ ఇంట్లో లైట్ చేపలుంటే దయచేసి కాలువలో వదలకండి. జీబ్రా మన దేశపు చేపే, బోదెలో దాని చుట్టాలు తగిలితే వాటితో జత కట్టేస్తుంది. బ్రెజిల్‌లో పెంపకం చెరువుల నుంచి జారిపోయినవి వాగుల్లో పిల్లలు పెడుతున్నాయని 2022లో అక్కడి పరిశోధకులు చెప్పారు. తొట్టెలో పాచి తింటుందని తెచ్చుకున్న సక్కర్ చేప మన చెరువుల్లో దెయ్యం చేపగా మారి కూర్చున్న సంగతి ఇక్కడి రైతులకి నేను చెప్పాలా? అదీ అమ్మినవాణ్ణే.

షాపుకి తెచ్చివ్వండి. బిల్లు లేకపోయినా పర్లేదు, ఆ డబ్బుకి గప్పీ చేపలైనా, మేతైనా ఇస్తాను. తెచ్చినవాటిని మళ్లీ అమ్మను, బతికినన్నాళ్లు వెనక గదిలో తొట్టెలో ఉంటాయి. ఆదివారం మధ్యాహ్నం మాత్రం రాకండి, షాపు ఉండదు.