కొట్లో అమ్మేదాన్ని సూట్‌కేసులో పెట్టుకోవచ్చా?

సంపాదకులకు నమస్కారం.

నేను తెనాలి దగ్గర పుట్టినవాణ్ణి, 14 ఏళ్ళుగా కెనడాలో, అంటారియో రాష్ట్రంలోని మిస్సిసాగాలో ఉంటున్నాను. మీ పత్రికను రోజూ ఫోన్లో చదువుతాను గానీ ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. రాయించింది మా బావమరిది. వాళ్ళబ్బాయికి బ్రాంప్టన్‌లో సీటొచ్చింది, వీసా కూడా వచ్చేసింది. ఫోన్ చేశాడంటే చలి గురించో అద్దెల గురించో అడుగుతాడనుకున్నాను. "బావా, అక్కడ గంజాయి కిరాణా కొట్లో ఉప్పూ పప్పూ అమ్మినట్టు అమ్ముతారట, నిజమేనా?" అన్నాడు. అవునంటే వాడికి టెన్షన్, కాదంటే అబద్ధం. గంటసేపు మాట్లాడాం. ఆ గంటలో నాకర్థమైంది ఏమిటంటే, "కెనడాలో గంజాయి లీగల్" అన్న మూడు ముక్కలే మనవాళ్ళదాకా చేరాయి, వాటి వెనకున్న షరతులు ఒక్కటీ చేరలేదు.

కిరాణా కొట్లో అమ్మరు, ముందు ఆ సంగతి. 2018 అక్టోబర్ 17న చట్టం అమల్లోకి వచ్చింది. పెద్దవాళ్ళు బయట తిరిగేటప్పుడు ఎండు గంజాయి 30 గ్రాముల దాకా దగ్గర ఉంచుకోవచ్చు. అమ్మేది లైసెన్సున్న ప్రత్యేకమైన షాపుల్లోనే. మా రాష్ట్రంలో ఆ షాపు బడికి 150 మీటర్ల లోపల ఉండకూడదు. 19 ఏళ్ళు నిండనివాళ్ళకు అమ్మకూడదు, లోపలికి కూడా రానివ్వకూడదు. లోపలి సరుకు పిల్లల కంట పడకూడదని చాలా షాపులు అద్దాలకు మసక కాగితం అంటించేశాయి, కొత్తగా వచ్చినవాళ్ళు అదేదో మూతపడిన షాపనుకుంటారు. ప్యాకెట్ చూస్తే మందుల సీసాలా సాదాగా, పిల్లలకు తెరవడం రాని మూతతో, పసుపు రంగు హెచ్చరికతో ఉంటుంది. తినే రకాల్లో ప్యాకెట్ మొత్తానికి మత్తు పదార్థం 10 మిల్లీగ్రాములు మించకూడదు. దొంగసరుకుగా వచ్చే గమ్మీ మిఠాయిల్లో ఎంతుందో తయారుచేసినవాడికే తెలియదు, ఎమర్జెన్సీ వార్డు దాకా వెళ్ళేవాళ్ళలో అవి తిన్నవాళ్ళు కూడా ఉంటారు.

ఇక ఊరి సంగతి. షాపులు కావాలో వద్దో ఏ ఊరి కౌన్సిల్‌కు ఆ కౌన్సిల్ తేల్చుకోవచ్చని మా రాష్ట్ర ప్రభుత్వం 2019 జనవరి 22 దాకా గడువిచ్చింది. వద్దన్నవాళ్ళు తర్వాత ఎప్పుడైనా మనసు మార్చుకోవచ్చు గానీ, ఒకసారి సరేనన్నాక వెనక్కి తీసుకోవడం కుదరదు. పక్కనే ఉన్న బ్రాంప్టన్ సరేనంది, మా మిస్సిసాగా వద్దంది. అప్పుడు నాకు పండగలా అనిపించింది, దాచడమెందుకు, మా వీధిలో వద్దనే గుంపులో ముందున్నది నేనే. నాలుగేళ్ళు చూశాక తెలిసిందేమిటంటే, కావలసినవాడు ఐదు నిమిషాలు కారు నడిపి పక్క ఊర్లో కొనుక్కున్నాడు, ఆ ఓపిక లేనివాడు ఇంటికి తెచ్చిచ్చే దొంగ అమ్మకందారుకు మెసేజ్ పెట్టాడు. వయసు అడిగేది మొదటిచోటే. రెండోవాడు పదిహేనేళ్ళ పిల్లాడికైనా ఇస్తాడు. 2023 ఏప్రిల్‌లో మా కౌన్సిల్ కూడా సరేనని ఓటేసింది, ఈసారి నేను నోరు మెదపలేదు. కళ్ళ ముందు లైసెన్సు తగిలించుకున్న షాపు ఉండటమే నయమని ఇప్పటికీ అనుకుంటున్నాను, మా ఆవిడ మాత్రం ఒప్పుకోదు.

ఊరికో తీరు, రాష్ట్రానికో తీరు. అల్బెర్టాలో 18 నిండితే కొనుక్కోవచ్చు, క్యూబెక్‌లో 2020 జనవరి నుంచి 21 నిండాలి. మా అంటారియోలోని ఒట్టావాలో 19 ఏళ్ళ కుర్రాడు చట్టప్రకారం కొన్నది జేబులో వేసుకుని, వంతెన దాటి అవతల క్యూబెక్‌లోని గాటినోకు నడిచి వెళ్ళాడంటే తప్పు చేసినవాడైపోతాడు. "తులసి వనంలో గంజాయి మొక్క" అని తిట్టే భాష కదా మనది, మా అంటారియోలో ఆ మొక్కల్నే ఇంటికి నాలుగు చొప్పున పెంచుకోవచ్చు. క్యూబెక్‌లో ఒక్కటి కూడా పెంచకూడదు, ఆ నిషేధం చెల్లుతుందని 2023లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఇవన్నీ ఒకే దేశంలో.

దేశం దాటడం దగ్గరే మనవాళ్ళు ఎక్కువగా బోల్తాపడేది. చుట్టాలు ఎవరొచ్చినా మేం ముందు తీసుకెళ్ళేది నయాగరాకే. ఇవతల అంటారియో, చట్టబద్ధం. నది అవతల న్యూయార్క్ రాష్ట్రం, అక్కడా 2021 మార్చి నుంచి 21 నిండినవాళ్ళకు చట్టబద్ధమే. మధ్యలో రెయిన్‌బో బ్రిడ్జి. రెండువైపులా తప్పుకాని వస్తువును ఆ వంతెన మీదుగా తీసుకెళ్తే మాత్రం నేరం! అమెరికా సరిహద్దులో చెల్లేది రాష్ట్ర చట్టం కాదు, కేంద్ర చట్టం, దాని ప్రకారం అది నిషిద్ధ పదార్థమే. కెనడా చట్టం కూడా దాన్ని దేశం దాటించొద్దంటుంది, రానివ్వొద్దంటుంది, డాక్టరు చీటీ ఉన్నా సరే. గరిష్ఠంగా 14 ఏళ్ళ జైలు దాకా ఉంది. దేశం లోపల విమానమెక్కితే ఆ 30 గ్రాములు వెంట పెట్టుకోవచ్చు. టొరంటో నుంచి వాంకూవర్ వెళ్ళినప్పుడు ఏమీ కాలేదు కదా అనుకుని, అదే బ్యాగుతో డాలస్‌లో అక్క ఇంటికి బయలుదేరేవాడిదే ప్రమాదం.

బ్యాగులో లేకపోయినా చిక్కే. ఇంతకుముందు వాడిన సంగతి కూడా అమెరికా ప్రవేశం నిరాకరించడానికి కారణం కావచ్చని కెనడా ప్రభుత్వమే ప్రయాణికులకు రాసిన సూచనల్లో ఉంది. అమెరికా వీసా ఫారంలో మాదకద్రవ్యాల చట్టాలు ఎప్పుడైనా ఉల్లంఘించావా అన్న ప్రశ్న ఉంటుంది. అబద్ధం చెప్పి దొరికితే అదింకో కేసు.

మా పరిచయస్తుల అబ్బాయొకడు ఇలాంటి షాపులోనే పార్ట్‌టైమ్ చేరాడు. "అలమరాల్లో ప్యాకెట్లు సర్దడమే కదా అంకుల్, ట్రైనింగ్ సర్టిఫికెట్ కూడా ఇచ్చారు" అన్నాడు. ఇక్కడ అది గౌరవమైన ఉద్యోగమే, తప్పేం లేదు. కానీ వాడి లక్ష్యం ఇక్కడ చదువయ్యాక అమెరికాలో ఉద్యోగం. ఈ వ్యాపారంలో పనిచేసేవాళ్ళు వేరే పనిమీద వస్తే మామూలుగా రానిస్తామని అమెరికా సరిహద్దు శాఖ 2018 అక్టోబర్‌లో చెప్పిన మాట నిజమే. ఆ మాట చెప్పింది కెనడా పౌరుల గురించి. మనవాడి జేబులో ఉన్నది భారత పాస్‌పోర్టు. ఈ సంగతి చెప్పగానే వాడి ముఖం మాడిపోయింది. పని మానేశాడో లేదో నేను మళ్ళీ అడగలేదు.

బండి నడపడం ఇంకో గొడవ. కొత్తగా వచ్చిన పిల్లల దగ్గర ఉండేది సాధారణంగా జీ2, అంటే కొత్త డ్రైవర్లకిచ్చే లైసెన్సు. ఆ లైసెన్సున్నవాళ్ళకు, 21 ఏళ్ళు, అంతకంటే తక్కువ వయసున్న డ్రైవర్లందరికీ అంటారియోలో మినహాయింపు లేదు, ఒంట్లో గంజాయి ఆనవాలు పరీక్షలో దొరికితే లైసెన్సు సస్పెండవుతుంది. మత్తులో బండి నడిపిన నేరానికి 2018 డిసెంబర్ 18 నుంచి గరిష్ఠ శిక్ష 10 ఏళ్ళకు పెంచారు. పెంచడంతో వలస చట్టం లెక్కలో అది తీవ్రమైన నేరాల జాబితాలోకి చేరింది. అక్కడ చూసేది ఎంత శిక్ష పడిందన్నది కాదు, ఎంత పడే వీలుందన్నది. జడ్జి జరిమానాతో వదిలేసినా ఇమిగ్రేషన్ వాళ్ళు వదలకపోవచ్చు. పీఆర్, అంటే శాశ్వత నివాసం వచ్చినవాళ్ళకు కూడా ఇది వర్తిస్తుంది. పౌరుడైన తెల్లవాడు, మనవాడు ఒకే గదిలో ఒకే తప్పు చేస్తే, ఒకడికి జరిమానాతో సరిపోతుంది, రెండోవాడికి తిరుగు టికెట్టు కొనాల్సి రావచ్చు. రూమ్మేట్‌ను చూసి నేర్చుకునే పిల్లలకు ఈ తేడా ఎవరు చెబుతున్నారు? లక్షలు ఫీజు తీసుకునే కన్సల్టెన్సీలు ఎయిర్‌పోర్టులో శాలువా కప్పి ఫొటో తీయించుకుంటాయి, ఒక్క కాగితం మీద ఇవి రాసిస్తే ఏం పోయింది?

ఈ తలనొప్పి కెనడాకే పరిమితం కాదు. థాయ్‌లాండ్ 2022 జూన్ 9న గంజాయిని మాదకద్రవ్యాల జాబితా నుంచి తీసేసింది, బ్యాంకాక్ వీధుల్లో షాపులు పుట్టగొడుగుల్లా లేచాయి. 2025 జూన్‌లో మళ్ళీ బిగించి, పువ్వు అమ్మాలంటే వైద్యుడి చీటీ ఉండాలన్నారు. అక్కడ కొన్న హైడ్రోపోనిక్ (మట్టి లేకుండా నీళ్ళలో పెంచిన) గంజాయితో శంషాబాద్‌లో దిగి పట్టుబడ్డవాళ్ళ వార్తలు మీరే ఎన్నోసార్లు వేశారు. బిల్లు చూపిస్తే మన కస్టమ్స్ వాళ్ళు ఊరుకోరు. 1985 నాటి మన మాదకద్రవ్యాల చట్టం ఎన్‌డీపీఎస్‌లో గంజాయి కిలో లోపుంటే చిన్న మొత్తం అంటారు, దానికీ ఏడాది దాకా జైలుంది.

ఇంతా చెబుతున్న నేనే ఒకసారి కొంప మునిగేదాకా తెచ్చుకున్నాను. పోయినసారి మా అమ్మ వచ్చినప్పుడు మోకాళ్ళ నొప్పులకు ఎవరో చెబితే సీబీడీ క్రీమ్ తెచ్చిపెట్టాను, సీబీడీ అంటే గంజాయి మొక్క నుంచి తీసే పదార్థం. మత్తెక్కేది కాదు, కానీ ఇక్కడి చట్టం ప్రకారం అదీ కానబిస్, అంటే గంజాయి సరుకే, అలాంటి షాపులోనే దొరుకుతుంది. దేశం దాటించకూడదన్న నిషేధం దానికీ వర్తిస్తుందని నాకప్పుడు తట్టలేదు. తిరుగు ప్రయాణం ముందురాత్రి సూట్‌కేసు తూకం వేస్తుంటే బాదంపప్పు ప్యాకెట్ల మధ్య ఆ డబ్బా కనబడింది, దానిమీద కానబిస్ అని అచ్చుంది. నాకు చెమటలు పట్టాయి. అమ్మేమో, "పట్టపగలు షాపులో డబ్బులిచ్చి కొన్నావు కదరా, దొంగసొత్తా ఏమిటి?" అంది. ఆ ప్రశ్నకు పదిహేను నిమిషాలు జవాబు చెప్పాను, నమ్మిందో లేదో తెలియదు.

అందుకే మీకో విన్నపం. విదేశీ చదువుల పేజీలో సీట్లు, స్కాలర్‌షిప్‌లతో పాటు ఈ నిబంధనలు కూడా ఏటా ఒకసారి వేయండి, అదీ జూలై ఆగస్టుల్లో, పిల్లలు బ్యాగులు సర్దుకునే రోజుల్లో. "ఫలానా దేశంలో గంజాయి ఓకే" అన్న శీర్షిక కింద, ఎవరికి, ఎక్కడిదాకా అన్నది కూడా రెండు వాక్యాల్లో రాయండి.

మా బావమరిది కొడుకు వచ్చే నెల దిగుతున్నాడు. అమ్మ కూడా వాడి వెంటే వస్తానంటోంది. ఆ క్రీమ్ డబ్బా జాగ్రత్తగా ఉందా అని ఫోన్లో రెండుసార్లు అడిగింది, గడువు దాటిపోయిందని ఇంకా చెప్పలేదు.

ఇట్లు,
ఒక తెలుగు పాఠకుడు,
మిస్సిసాగా, కెనడా