శీనుగాడికి ఉత్తరం: ఇంతకీ మండువా ఎక్కడ పెడుతున్నావురా?

ఒరే శీనూ,

నీ వాయిస్ మెసేజ్ విని నవ్వాగలేదు. యూనివర్సిటీ వాళ్ళకి హాస్టల్ 'ట్రెడిషనల్ లుక్'లో కావాలి, ముందు గోపురం లాంటి ఆర్చి, పైన నాలుగు కలశాలు, వెనకాల మాత్రం ఎప్పటిలాగే పొడుగు డబ్బా, అంతేగా? నువ్వేమో 'చేసి పారేద్దామా, ఫీజు బానే ఇస్తున్నారు' అని అడుగుతున్నావు. చెయ్యి, కాదనను, కానీ డ్రాయింగ్ మొదలెట్టే ముందు ఇది చదువు.

మొన్న ఆదివారం ఇక్కడ అమెరికాలో న్యూ హేవెన్ వెళ్ళా, యేల్ యూనివర్సిటీ హాస్టళ్ళు చూద్దామని. వీళ్ళు హాస్టల్ అనరు, రెసిడెన్షియల్ కాలేజ్ అంటారు. 1933లో మొదలయ్యాయి, పాతవాటిలో చాలావరకు జేమ్స్ గాంబుల్ రోజర్స్ అనే ఆర్కిటెక్ట్ కట్టాడు, ఎక్కువగా గోథిక్‌లో, అంటే పాత యూరప్ చర్చిల్లాగా కోసుగా ఉండే ఆర్చీలు, రాతి పనితో. రాళ్ళు పాతగా కనబడాలని యాసిడ్ పోయించాడని ఇక్కడ టూర్ తిప్పే పిల్లలు తెగ చెప్తారు. అంటే ఈ 'లుక్' పిచ్చి మన మేనేజ్‌మెంట్ వాళ్ళకే కాదు, వందేళ్ళ క్రితమే వీళ్ళకీ ఉందన్నమాట. తర్వాత 1962లో సారినెన్ అనే ఇంకో ఆర్కిటెక్ట్ రెండు మోడరన్‌వి కట్టాడు, గదుల్లో మూలమట్టానికి సరిపోయే మూల ఒక్కటీ దొరకడం కష్టం, బీరువా గోడకి ఆనక పిల్లలు తిట్టుకునేవాళ్ళట. అది అయిన 55 ఏళ్ళకి, 2017లో, మళ్ళీ గోథిక్‌లోనే ఇంకో రెండు, ఫ్రాంక్లిన్ కాలేజ్, పాలీ మర్రే కాలేజ్. రాబర్ట్ స్టెర్న్ అనే ఆర్కిటెక్ట్ ఆఫీసు చేసింది, ఆయన అక్కడే ఆర్కిటెక్చర్ డీన్‌గా 2016 దాకా ఉన్నాడు. ఒక్కోదాంట్లో దాదాపు 450 మంది. ఒక పూర్వ విద్యార్థి ఒక్కడే 25 కోట్ల డాలర్లు ఇచ్చాడు, మనకి అలాంటి మారాజు దొరకడు గానీ అది వదిలెయ్.

(మధ్యలో ఒకటి చెప్పాలి. ఈ యూనివర్సిటీకి ఎవరి పేరు పెట్టారో ఆ యేల్ దొర మన మద్రాసులో గవర్నరు చేసినవాడు, 1687 నుంచి 1692 దాకా, డబ్బంతా అక్కడే కూడబెట్టాడు. 1718లో కాలేజీకి 9 మూటల సరుకు, 417 పుస్తకాలు, రాజుగారి పటం పంపిస్తే ఆ సరుకు అమ్మగా 562 పౌండ్లు వచ్చాయి, దానికే పేరు పెట్టేశారు. ఆ గోథిక్ గోడల కింద మన తీరం సొమ్ము కాస్త ఉందిరా అనుకుంటూ తిరిగా.)

ఆ కొత్త రెండింటినీ బయటినుంచి చూస్తే ఇటుక, రాతి అంచులు, స్లేట్ కప్పు, ఒక టవరు. 'నకిలీ పాతదనం' అని తిట్టినవాళ్ళు బోలెడుమంది, నాక్కూడా మొదట అలాగే అనిపించింది, సినిమా సెట్టింగ్ లాగా. గేటు దగ్గర నిలబడి ఉంటే లోపల ముంగిలి కనిపించింది. చుట్టూ గదులు, మధ్యలో పచ్చిక, ఒక పిల్లాడు చెప్పులు పక్కన పడేసి బోర్లా పడుకుని చదువుకుంటున్నాడు, పైన ఎవరో కిటికీలోంచి వాణ్ణి పిలిచి ఏదో అడుగుతున్నారు. పాత కాలేజీల్లో అయితే పొడుగు కారిడారే ఉండదు, ఒక్కో గుమ్మానికి ఒక్కో మెట్ల దారి, అంతస్తుకి కొన్నే గదులు, ఆ మెట్లమీద తిరిగేవాళ్ళంతా ఒక గుంపు. కింద 'బటరీ' అని రాత్రిపూట పిల్లలే నడుపుకునే తినుబండారాల కొట్టు.

అప్పుడు మన హాస్టల్ గుర్తొచ్చింది. ఎంత పొడుగు కారిడార్ రా అది, ఆ చివర బాత్రూములు, ఈ చివర నీళ్ళ కుండ, నాలుగేళ్ళున్నా ఆరో గది తర్వాత ఎవడుంటాడో నాకు తెలీదు. దాని నెత్తిన కలశాలు పెట్టినా అది అంతే.

మనది అంటే ఏంటో నీకు నేను చెప్పాలా? అనుపు వెళ్ళాం కదా కాలేజీ బస్సులో, నాగార్జునకొండ నుంచి తెచ్చి మళ్ళీ పేర్చిన విహారం, బౌద్ధ భిక్షువులు ఉండే చోటు. మధ్యలో మంటపం, చుట్టూ చిన్న గదులు, నువ్వు ఒక గదిలో అడ్డంగా పడుకుని కాళ్ళు గోడకి తగిలాయని గోల చేశావు. ఇక్ష్వాకుల కాలంలో, మూడు నాలుగు శతాబ్దాల్లో, అది హాస్టలేరా. దానికి గోపురం లేదు. అలాగే మా పెద్దమ్మ వాళ్ళ మండువా లోగిలి, వానొస్తే నాలుగు వైపుల పెంకుల మీంచి నీళ్ళు మధ్యలో పడేవి, మేం వసారాలో కూర్చుని కాళ్ళు చాపి తడుపుకునేవాళ్ళం, పెద్దమ్మ గంగాళాలు వరసగా పెట్టేది. నువ్వు దించాల్సింది ఆ మండువాని, పెంకు రంగుని కాదు.

కాకపోతే జాగ్రత్త, అది ఒక్క అంతస్తు ఇంటికి సరిపోయిన లెక్క. నాలుగంతస్తులు లేపి మధ్యలో అదే కొలత వదిలావంటే నుయ్యి అవుతుంది, కింద గదులకి వెలుగుండదు, పైవాడు ఫోన్లో మాట్లాడితే అందరికీ వినపడుతుంది. వెడల్పు పెంచు, లేకపోతే ఒకే పెద్దదానికి బదులు చిన్న లోగిళ్ళు మూడు చెయ్, ఒక్కోదానికి ఒక మెట్ల దారి. పడమర ఎండకి లోతైన వసారా ఇవ్వు. ఖర్చు అంటే తిరువనంతపురంలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ కట్టిన క్యాంపస్ చూపించు వాళ్ళకి, పూత లేని ఇటుక, గాలాడేలా కన్నాలు వదిలి కట్టిన జాలీ గోడలు, స్లాబులో పెంకులు దూర్చి కాంక్రీటు తగ్గించడం, ఆయన పేరే తక్కువ ఖర్చుకి.

ఇంకోటి, నవ్వకు. తువ్వాళ్ళు. ఇక్కడ బట్టలు మెషీన్లో ఆరతాయి కాబట్టి వీళ్ళ గోథిక్ కిటికీలు అందంగా ఉన్నాయి. మనవాళ్ళు మొదటి వారంలోనే నీ జాలీ గోడ మీద లుంగీలు ఆరేస్తారు. ఎండ తగిలే చోటు, బయటికి కనపడని చోటు, తీగలు కట్టి ఇవ్వకపోతే నీ 'ట్రెడిషనల్ లుక్' అంతా బనియన్ల వెనకే.

ఆర్చి కావాలంటే ఒకటి ఇచ్చెయ్, వాళ్ళ ఫోటోలకి పనికొస్తుంది. కానీ ముందు నాకు సెక్షన్, అంటే బిల్డింగుని నిలువునా కోసినట్టు చూపే బొమ్మ, గీసి పంపు, మండువా వెడల్పు, ఎత్తు రాసి. అమ్మకి నమస్కారాలు చెప్పు, సంక్రాంతికి వస్తే అనుపు వెళ్దాం, ఈసారి టేపు పట్టుకుని.

నీ,
రాజుగాడు