ఫీజు వాళ్లకి, బాట మరమ్మతు మాకా?

సంపాదకుడు గారికి,

అయ్యా, మాది ఉదయగిరి. చెక్క గరిటెలు, చెంచాలు చేసి అమ్ముకునే ఇల్లు. మా పనికి కావలసిన నర్ది, బిక్కి కర్ర తలమీద దిగేది దుర్గం కొండల్లోని మేకల బాట మీదే. ఆ బాట గురించే ఈ ఉత్తరం.

మూడేళ్లుగా శని, ఆదివారాల్లో బయటి ఊళ్ల నుంచి సైకిళ్ల గుంపులు వస్తున్నాయి. లావు టైర్లు, ముందు చక్రానికి స్ప్రింగులు ఉన్న కొండ సైకిళ్లు. ఒక్కోసారి ఇరవై, ముప్ఫై మంది ఉంటారు. మనిషికి ఇంతని ఫీజు తీసుకుని ఒక సంస్థ వాళ్లను వ్యానుల్లో తీసుకొస్తుంది. హెల్మెట్టు, టిఫిను, ఫోటోలు అన్నీ అందులోనే. వచ్చే పిల్లలు మంచివాళ్లే, నీళ్ల సీసాలు కూడా తిరిగి పట్టుకుపోతారు. టీ కొట్టుకి గిరాకీ. నాకూ నాలుగు గరిటెలు అమ్ముడుపోతాయి, అబద్ధమెందుకు.

గొడవంతా బాటతోనే. ఎక్కేటప్పుడు సైకిలు పెద్దగా పాడుచేసేదేం లేదు. దిగేటప్పుడు భయపడి వెనక బ్రేకు బిగబడతారు. చక్రం తిరగదు, ఈడ్చుకుంటూ దిగుతుంది. గులకరాళ్ల ఎర్రమట్టి కదా, నాగలి చాలు పడ్డట్టు పడుతుంది. ఎండాకాలంలో అది ఉత్త గీత. అక్టోబరు, నవంబరు వానలు పడితే ఆ గీతే కాలవ. మన జిల్లాలో ఏడాది వానలో ఎక్కువ భాగం ఆ రెండు మూడు నెలల్లోనే, అదీ వాయుగుండం పట్టిందంటే కుమ్మరించేస్తుంది. పోయిన వానలకి ఒక మలుపులో మోకాటి లోతు కోసుకుపోయింది. ఆ గండి తప్పించుకోవడానికి సైకిళ్లు తుప్పల్లోంచి పక్కదారి చేశాయి. ఇప్పుడు అదీ కోసుకుపోతోంది.

మా అమ్మకి డెబ్బై దాటాయి. ఆ మలుపులో ఒక మెట్టురాయి ఉండేది, చీకట్లోనైనా చూడకుండా కాలు పెట్టేది. జనవరిలో ఎండుపుల్లల మోపుతో దిగుతూ అలాగే కాలు పెట్టింది. రాయి లేదు. మోపు ఒకవైపు, ఆమె ఒకవైపు. మడమ వాపు తగ్గడానికి నెల పట్టింది.

ఆ వారం గుంపును నడిపించే అబ్బాయిని ఆపి అడిగాను. "దారి గవర్నమెంటుది కదా పెద్దాయనా, వాళ్లనడుగు" అన్నాడు, మర్యాదగానే. అడిగాం. ఒక ఆఫీసులో అది మా లెక్కలో దారే కాదన్నారు. ఇంకో ఆఫీసులో కొండ మీద పార వెయ్యాలంటే మీకు అనుమతి కావాలన్నారు. కోసేవాడికి అక్కర్లేని అనుమతి పూడ్చేవాడికి కావాలట! కాగితం పెట్టుకుని, సరేననిపించుకుని, ఎనిమిది మందిమి రెండు రోజులు కూలి మానుకుని పని చేశాం. బాటకి అడ్డంగా, కాస్త ఏటవాలుగా రాళ్లు పాతి నీళ్లు పల్లం వైపు మళ్లేట్టు చేశాం. మా తాతలనాటి పద్ధతే. మూడు వారాలకి మూడు రాళ్లు ఊడొచ్చాయి.

రాయలవారు ఈ దుర్గాన్ని ఏడాదికి పైగా ముట్టడించి 1514లో గెలిచారు. అప్పుడు కోటకి మనుషులు ఒక్కొక్కరుగా పోగలిగే ఇరుకు దారి ఒక్కటే ఉండేదని, రాయలే దాన్ని వెడల్పు చేయించారని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాసిపెట్టాడు. దండును తెచ్చినవాడే దారి వేయించుకున్నాడు. ఫీజు తీసుకుని గుంపును తెచ్చేవాడికీ అదే వర్తించాలి కదా?

ఇదేం కొత్త కోరిక కాదు. అమెరికాలో మోయాబ్ అనే ఊరు కొండ సైకిళ్లకి పేరు. అక్కడి ప్రభుత్వ భూముల్లో జనాన్ని డబ్బుకి తిప్పే కంపెనీ ముందు పర్మిట్ తీసుకోవాలి, రాబడిలో 3 శాతం కట్టాలి. మా తమ్ముడి కొడుకు ఫోన్లో చూపించాడు. అంత దూరం ఎందుకు, దోర్నాల దగ్గర తుమ్మలబైలులో అడవి చూడాలంటే అటవీశాఖ టికెట్ కొని, వాళ్ల బండిలోనే వెళ్లాలి. మా కొండకే అడిగేవాడు లేడు.

సైకిళ్లు ఆపమని నేను అనడం లేదు. సొంత సైకిలు మీద సరదాకి వచ్చే కుర్రాడి దగ్గర రూపాయి అడగక్కర్లేదు. డబ్బు తీసుకుని తెచ్చే సంస్థ మాత్రం తలకి వంద రూపాయలు బాట కోసం కట్టాలి. ఆ డబ్బు వనసంరక్షణ సమితి పేరున వెయ్యండి, ఎంత వచ్చింది, ఎంత ఖర్చయిందో కొండ కింద బోర్డు మీద రాయండి. లేకపోతే అదీ ఎటో పోతుంది. వాన పడ్డాక మట్టి ఆరేదాకా, కనీసం మూడు రోజులు, సైకిలు ఎక్కకూడదు. వానలకి ముందు ఒకసారి, తరవాత ఒకసారి అధికారులు, సంస్థవాళ్లు, మేము కలిసి బాట పొడుగునా నడవాలి. జీపులో వచ్చి కింద నిలబడి చూస్తే కాదు, నడవాలి.

వచ్చే ఆదివారం ఊడిన రాళ్లు మళ్లీ పాతుతున్నాం. సైకిళ్లవాళ్లు వచ్చేదీ ఆదివారమే. కాసేపు సైకిళ్లు కింద పెట్టి చెయ్యి వేస్తే సంతోషం. పారలు, గడ్డపారలు మేమే తెస్తాం.

ఇట్లు,
ఒక చెక్క గరిటెల పనివాడు,
ఉదయగిరి, నెల్లూరు జిల్లా.