ప్రాపర్టీ పేజీలకు బహుమతులిస్తే ముందు లెక్కలు చూడండి

సంపాదకులకు నమస్కారం.

స్థిరాస్తి వార్తలు బాగా రాసినవాళ్లను సత్కరించడం మంచిదే. అమెరికాలో 1929లో ఏర్పడిన నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రియల్ ఎస్టేట్ ఎడిటర్స్ ఏటా ఇందుకు పోటీ పెడుతోంది. అలాంటిది మన దగ్గరా వస్తే, న్యాయనిర్ణేతలు శైలి జోలికి పోకముందు అంకెలు చూడాలని మా మనవి.

‘1,500 చదరపు అడుగుల ఫ్లాటు, అడుగు 6,000, మొత్తం 90 లక్షలు’ అని రాసి ఊరుకుంటారు. ఆ 1,500 దేని కొలత? సూపర్ బిల్టప్ అయితే మెట్లు, లిఫ్టు, కారిడార్ల వాటా కూడా అందులోనే ఉంటుంది. రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం చెప్పమన్నది కార్పెట్ ఏరియా. అంటే బయటి గోడలు, పైపులూ తీగలూ వెళ్లే షాఫ్టులు, బాల్కనీ తీసేసి, లోపలి అడ్డగోడలు కలిపిన వైశాల్యం. అది 1,050 అడుగులే అనుకుంటే అడుగు ధర 8,571 రూపాయలకు చేరుతుంది. నిర్మాణంలో ఉన్న ఫ్లాటుకు 5 శాతం జీఎస్టీ, అంటే 4.5 లక్షలు. అదే విలువకు రిజిస్ట్రేషన్ చేయిస్తే 7.5 శాతం చొప్పున 6.75 లక్షలు. కోటి దాటింది. పార్కింగ్, కార్పస్ ఫండ్ (భవన నిర్వహణ నిధి) ఇంకా కలపనేలేదు! ఈ లెక్క లేని వ్యాసం బ్రోచరే.

ఇక రెరా నంబరు. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు 8కి మించినా ప్రాజెక్టును రెరాలో నమోదు చేయించడం తప్పనిసరి. నంబరు అచ్చువేస్తే చాలదు. రెరా వెబ్‌సైటు తెరిచి ప్రమోటరు (కట్టి అమ్మేవారి) పేరు, సర్వే నంబర్లు, పూర్తిచేస్తామన్న తేదీ సరిపోల్చాలి. ‘దరఖాస్తు చేశాం’ అంటే నమోదు అయినట్టు కాదు. ప్రీలాంచ్ ఆఫర్లలో మోసం ఇక్కడే మొదలవుతుంది. అనుమతి రాకముందే స్థలంలో అవిభాజ్య వాటా రాసిచ్చి పూర్తి సొమ్ము తీసుకుంటారు. తర్వాత అనుమతి రాకపోతే కొన్నవాడి చేతిలో మిగిలేది నాలుగు గజాల కాగితం. అమ్మకం ఒప్పందం రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదని చట్టంలోని 13వ సెక్షన్ చెబుతోంది. ‘సగం ధరకే ఫ్లాటు’ అని రాసేవాళ్లు ఈ ఒక్క వాక్యం మాత్రం మర్చిపోతుంటారు.

కొలతలదీ అదే గోల. గుంట 121 గజాలు, సెంటు 48.4 గజాలు, ఇందులో పేచీ లేదు. అంకణం మాత్రం నెల్లూరులో 72 చదరపు అడుగులు, తిరుపతిలో 36. అడుగుల్లో చెప్పకపోతే నెల్లూరు ధర తిరుపతివాళ్లకు రెట్టింపుగా కనబడుతుంది.

ప్రకటనను వార్తలా అచ్చువేయకూడదని ప్రెస్ కౌన్సిల్ నియమావళిలోనే ఉంది. కాబట్టి పోటీకి పంపే ప్రతి వ్యాసంతో పాటు, అదే సంచికలో ఆ బిల్డరు ప్రకటన ఉందో లేదో కూడా రాయించుకోవాలి.

– కొందరు దస్తావేజు లేఖరులు, సివిల్ ఇంజనీర్లు, విజయవాడ