పెళ్లయితే తగ్గే నొప్పి కాదు

సంపాదకులు గారికి,

నెలసరి నొప్పితో మెలికలు తిరిగే మా చెల్లెల్ని ఇంటి దగ్గరి క్లినిక్‌లో ‘పెళ్లయితే అదే తగ్గుతుంది’ అని పంపేశారు. నాలుగేళ్లకు తేలింది, ఎండోమెట్రియోసిస్ అని. గర్భాశయం లోపలి పొరలాంటి కణజాలం బయట పెరిగే జబ్బు ఇది. దానికి ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోనే మేత. విచిత్రమేమిటంటే, ఆరోమటేజ్ అనే ఎంజైముతో ఆ మేతను కొంత అదే తయారు చేసుకుంటుంది. ఈస్ట్రోజెన్ వల్ల ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు పెరుగుతాయి. అవి వాపు, నొప్పి తెచ్చి, మళ్లీ ఆరోమటేజ్‌నే ఎగదోస్తాయి. అందుకే చాలామందికి నొప్పి మాత్ర ఒక్కటే సరిపోదు. డైనోజెస్ట్ లాంటి హార్మోన్ మాత్రలు ఈ చక్రానికి కళ్లెం వేస్తాయి, ఆపేస్తే నొప్పి తిరిగి రావచ్చు. మాకైతే ఆ మాట ముందు ఎవరూ చెప్పలేదు. మీ ఆరోగ్య పేజీలో దీని గురించి వివరంగా రాయించండి. డాక్టరు కన్నడలో, ఇంగ్లీషులో ఎంత చెప్పినా మా అమ్మకు అర్థం కాలేదు.

— ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు