ముగ్గురిని కనమంటున్నారు, ఉన్న ఇద్దరూ ఊళ్లో లేరు: ముఖ్యమంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి గారికి,

నమస్కారాలు. నేను కనిగిరి ప్రాంతంలోని ఒక పల్లెలో అంగన్‌వాడీ కార్యకర్తగా పనిచేసి విరమణ పొందినదాన్ని. ఈ లేఖలో ఉన్నవన్నీ ఇంతకుముందు అర్జీలుగా ఇచ్చినవే. ఇచ్చిన ప్రతిసారీ రసీదు చేతిలో పెట్టారు. కొన్నాళ్లకు మీ సమస్య పరిష్కారమైందని ఫోనుకు సందేశం వచ్చింది. ఎవరు పరిష్కరించారు, ఏం చేసి పరిష్కరించారు అని అడిగితే జవాబు చెప్పే మనిషి దొరకలేదు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను.

రాష్ట్రంలో జననాలు తగ్గిపోతున్నాయని, ఇలాగే సాగితే పనిచేసే చేతులు తగ్గి వృద్ధులే మిగులుతారని, కాబట్టి ఇద్దరికి మించి పిల్లలను కనాలని మీరు సభల్లో చెబుతున్నారు. మీ ఆందోళన నిజమైనదే. 1992–93లో జరిగిన మొదటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో ఒక్కో మహిళకు సగటున 2.6 మంది పిల్లలు. 2019–21 సర్వే నాటికి అది 1.7. జనాభా తగ్గకుండా నిలబడాలంటే 2.1 ఉండాలంటారు. ఈ లెక్కతో నాకు పేచీ లేదు. పుట్టిన పిల్లలను ఊళ్లో నిలబెట్టే దారి చూపకుండా ఇంకొకరిని కనమనడంతోనే నా పేచీ.

ఒక విషయం మీకు గుర్తుచేయాలి. "చిన్న కుటుంబం చింతలేని కుటుంబం" అని గోడల మీద రాయించింది ప్రభుత్వమే. ఆ మాట ఇంటింటికీ మోసుకెళ్లింది మాలాంటి వాళ్లం. రెండో కాన్పు కాగానే, పాతికేళ్లు కూడా నిండని ఆడపిల్లలు ఆపరేషన్ బల్ల మీద పడుకున్నారు. మన రాష్ట్రంలో పెళ్లయిన మహిళల్లో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవారేనని 2019–21 సర్వే చెబుతోంది. ఇంతగా ప్రభుత్వం మాట విన్న ఆడవాళ్లు దేశంలో ఇంకెక్కడా లేరు. మూడో బిడ్డ ఉంటే సర్పంచిగా నిలబడకూడదన్న నిబంధనను 2024 నవంబరులో శాసనసభ తొలగించింది. తొలగించడం న్యాయమే. కానీ మా ఊరి ఆడవాళ్లు ఇద్దరితో ఆగింది సర్పంచి పదవి పోతుందన్న భయంతో కాదు. ఆ ఇద్దరికీ తిండి పెట్టి చదివించడమే గగనమైపోయింది గనుక ఆగారు.

దసరా, దీపావళి దాటాక మా ఊరికి ఒకసారి రండి. కంది చేలో ఎంత పండిందో తేలిపోయాక, బోర్లు అడుగంటాక, రాత్రిపూట బండ్లు వస్తాయి. మేస్త్రీ అప్పటికే అడ్వాన్సు ఇచ్చి ఉంటాడు. కొందరు బెంగళూరుకు బేల్దారి పనులకు, కొందరు హైదరాబాదుకు తవ్వకం పనులకు, ఇంకొందరు గుంటూరు వైపు మిరప కోతలకు. మంచం మీదున్న ముసలివాళ్లను వదిలి, గిన్నెలు గోతాల్లో కట్టుకుని, పిల్లలను వెంటబెట్టుకుని వెళ్తారు. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఏటా ఆ నెలల్లో నా రిజిస్టరు చూసుకుంటే కడుపు తరుక్కుపోయేది. పేరు ఉంటుంది, పుట్టిన తేదీ ఉంటుంది, గుడ్లు, బాలామృతం వస్తాయి, తినే బిడ్డ ఉండదు. ఎక్కడో కట్టే అపార్టుమెంటు పక్కన రేకుల షెడ్డులో, సిమెంటు దుమ్ములో పాకుతూ ఉంటుంది. గర్భిణులు కూడా అలాగే వెళ్లిపోయేవారు. తిరిగి వచ్చేసరికి చంకలో బిడ్డ ఉండేది, టీకాల కార్డు ఉండేది కాదు.

బడి పిల్లల సంగతి ఇంకా ఘోరం. వలస వెళ్లే వాళ్ల పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకోవడానికి సీజనల్ హాస్టళ్లు ఉన్నాయని మీకు నేను చెప్పాల్సిన పనిలేదు. పథకం మంచిది. కానీ అమలు చూడండి. జనం వెళ్లేది దీపావళికి. మా దగ్గర హాస్టలుకు అనుమతి కాగితం వచ్చేది సంక్రాంతి దాటాక. అప్పటికి పిల్లలు ఎక్కడున్నారు? తల్లిదండ్రుల వెంట వెళ్లి నెలలు గడిచిపోయాయి. హాస్టలు తెరిచాక పిల్లలు లేరని రాస్తారు, పిల్లలు లేరు గనుక వచ్చే ఏడు అవసరం లేదని రాస్తారు. దసరా సెలవులకు ముందే తెరవండి, నలుగురు తల్లులు నమ్మి పిల్లలను వదిలి వెళ్తారు అని ఎన్ని విధాల మొత్తుకున్నా వినే నాథుడు లేడు. ఒక అధికారి "ప్రతిపాదన పైకి పంపాం" అన్నారు. ఆయన బదిలీ అయ్యారు. తర్వాత వచ్చినవారూ అదే మాట అన్నారు. ఆ పైన ఎవరున్నారో, ఆ ప్రతిపాదన ఏ బల్ల మీద ఉందో నాకు ఈనాటికీ తెలియదు.

ఇంట్లో ఎంతమంది పిల్లలు చదువుతుంటే అంతమందికీ తల్లికి వందనం పథకం డబ్బు ఇస్తున్నారు. చాలా సంతోషం. కానీ దానికి 75 శాతం హాజరు ఉండాలి. ఏడాదిలో సగం రోజులు బెంగళూరులో తమ్ముణ్ణి ఎత్తుకు తిరిగిన పిల్లకు హాజరు ఎక్కడినుంచి వస్తుంది? అందరికంటే ఎక్కువ అవసరం ఉన్న తల్లికే ఆ డబ్బు అందడం లేదు. ఆ పిల్ల మళ్లీ బడికి వచ్చినా తరగతిలో వెనకబడుతుంది, సిగ్గుపడుతుంది, మానేస్తుంది. పదహారు, పదిహేడేళ్లకు పెళ్లి చేసేస్తారు. ఆ జంట మళ్లీ అదే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుంటుంది. రాష్ట్రానికి కావలసిన యువశక్తి అని మీరు అంటున్నది ఈ పిల్లల గురించే కదా!

ఇప్పుడు చెప్పబోయేది రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. మా ఊరి కుర్రవాడు ఒకడు, పసివాడుగా ఉన్నప్పుడు నా చేతులతో బరువు తూచినవాడు, బెంగళూరులో సెంట్రింగ్ పని చేస్తూ పై అంతస్తు నుంచి పడిపోయాడు. శవాన్ని అంబులెన్సులో ఊరికి పంపడంతో గుత్తేదారు బాధ్యత తీరిపోయింది. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లోనే చట్టాలు చేశారు. కట్టడం ఖర్చులో ఒక శాతం సెస్సు వసూలు చేసి కార్మికుల సంక్షేమానికి వాడాలి. ఆ అబ్బాయి చెమటతో కట్టిన భవనం మీద సెస్సు ఆ రాష్ట్రానికే చేరి ఉంటుంది. అక్కడ అడిగితే మీవాడు ఇక్కడ సభ్యుడిగా నమోదు కాలేదన్నారు. నమోదు కావాలంటే ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు కాగితం కావాలి, ఆ కాగితం మామూలుగా ఇవ్వాల్సింది పని ఇచ్చినవాడే. ఇక్కడ అడిగితే ప్రమాదం మన రాష్ట్రంలో జరగలేదన్నారు. అసంఘటిత కార్మికులకు కేంద్రం ఇచ్చే ఈ-శ్రమ్ కార్డు చూపిస్తే దానికీ దీనికీ సంబంధం లేదన్నారు. ఇరవై రెండేళ్ల భార్య, ఇద్దరు పిల్లలు. ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని నేను ఎక్కని మెట్టు లేదు. చివరికి ఆ పిల్ల చిన్న బిడ్డను అత్త దగ్గర వదిలి, పెద్దవాణ్ణి తీసుకుని, మళ్లీ అదే బెంగళూరుకు ఇటుకలు మోయడానికి వెళ్లింది. ఆమెతో మూడో బిడ్డ సంగతి ఎవరు మాట్లాడతారు? ఆమె ముందు నిలబడి మీరు మాట్లాడగలరా?

అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లోనే వచ్చింది. తీసుకెళ్లే గుత్తేదారుకు లైసెన్సు ఉండాలని, ప్రయాణ ఖర్చులు, స్థానభ్రంశ భత్యం ఇవ్వాలని అందులో రాశారు. ఆ భత్యం అందుకున్న మనిషిని నేను చూడలేదు. 2025 నవంబరులో ఇలాంటి పాత చట్టాల స్థానంలో కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. చట్టం మారింది, మావాళ్ల చేతికి కాగితం మాత్రం ఇంకా రాలేదు.

ఆర్థిక వ్యవస్థ గురించి మీరు తరచూ మాట్లాడతారు కాబట్టి నాకు తెలిసిన లెక్క కూడా చెబుతాను. బిడ్డ కడుపులో పడినప్పటి నుంచి పోషకాహారం, టీకాలు, బడి, మధ్యాహ్న భోజనం, రేషను బియ్యం, అన్నిట్లోనూ మన రాష్ట్రం ఖర్చు ఉంది. పద్దెనిమిదేళ్లు వచ్చి ఒళ్లు వంచి పనిచేసే వయసులో ఆ చేతులు పక్క రాష్ట్రాల మేడలు కడతాయి. అక్కడే ఉంటారు, అక్కడే కొంటారు, ఆ కొన్నదాని మీద జీఎస్టీలో రాష్ట్ర వాటా కూడా అక్కడికే వెళ్తుంది. నడుము పడిపోయాక, ఊపిరితిత్తుల్లో దుమ్ము నిండాక తిరిగి మా ఊరికే వస్తారు. అప్పుడు వైద్యం మనది, నెలకు 4,000 రూపాయల పింఛను మనది. నీళ్లు పోసి పెంచిన చెట్టు కాయలు పొరుగు పెరట్లో రాలి, మోడైన మాను మాత్రం మన దొడ్డిలో మిగిలినట్టుంది మా బతుకు. ఇంకా ఎక్కువమందిని కంటే ఈ లెక్క మారుతుందా? ఇలాగే పెరుగుతుంది.

ఇక్కడ పనులే లేవని కూడా అనలేను. చీమకుర్తి గ్రానైటు క్వారీల్లో ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన కూలీలు పనిచేస్తున్నారు. వాళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్లూ మావాళ్లలాగే ఊరు విడిచి వచ్చిన పేదలు. 2025 ఆగస్టులో బల్లికురవ దగ్గర క్వారీలో బండరాళ్లు విరిగిపడి ఆరుగురు ఒడిశా కూలీలు చనిపోయారు. ఆ వార్త చదివి మా ఊళ్లో ఏడ్చినవాళ్లున్నారు. సొంత ఊరి కూలీ అయితే జీతం, రక్షణ అడుగుతాడని, దూరం నుంచి వచ్చినవాడు నోరెత్తడని గుత్తేదారులకు తెలుసు. అందుకే మా పిల్లలను బెంగళూరులో వాళ్లు పెట్టుకుంటారు, ఒడిశా పిల్లలను ఇక్కడ వీళ్లు పెట్టుకుంటారు. జనాభా తక్కువై వచ్చిన సమస్య కాదిది. కూలీని ఎంత చవగ్గా తేవచ్చన్న లెక్క వల్ల వచ్చింది.

విదేశాలకు వెళ్లిన తెలుగువారి కోసం ప్రభుత్వం ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ పెట్టింది, ప్రవాసాంధ్ర భరోసా బీమా ఉంది. ఉండాల్సిందే. నెల్లూరు నుంచి కువైట్ వెళ్లి ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు అలాంటి ఆసరా ఎంతో అవసరం. అమెరికా 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బీ ఉద్యోగ వీసా దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము పెట్టగానే రాష్ట్రమంతా కలవరపడింది. ఒక రాత్రి బస్సు ప్రయాణం దూరంలో ఉన్న బెంగళూరులో మా కూలీ చనిపోతే ఫోను చేయడానికి ఒక నంబరు ఉందా, బాబూ? వాళ్లు ప్రవాసాంధ్రులు కారా?

వెలిగొండ ప్రాజెక్టు గురించి రాయకుండా ఉండలేను. 1996లో మీ చేతుల మీదుగానే శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం వెనక జలాల నుంచి నల్లమల కింద సొరంగాలు తవ్వి 43.5 టీఎంసీల నీళ్లు తెస్తామన్నారు. ఆనాడు పుట్టిన పిల్లలు ఇప్పుడు తల్లులు, తండ్రులు. 2024 మార్చిలో గత ప్రభుత్వం జాతికి అంకితం కూడా చేసింది. మా చేలకు మాత్రం చుక్క రాలేదు. ముంపు గ్రామాలవారు పరిహారం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూశారు. పామూరు, పెదచెర్లోపల్లి మండలాల్లో వేల ఎకరాల్లో నిమ్జ్ అనే పెద్ద పారిశ్రామిక వాడ వస్తుందని, పరిశ్రమలు వరసకడతాయని చెప్పారు. ఆ మాట నమ్మి కొడుకును ఐటీఐ చదివించిన తండ్రులు నాకు తెలుసు. ఆ కొడుకులు హైదరాబాదులో ఉన్నారు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఇంకా ఉంది. నలభై ఏళ్లకే కీళ్లు బిగుసుకుపోయిన మనుషులు ఇంకా ఉన్నారు. మొదట నీళ్లు ఇవ్వండి. నీళ్లుంటే పంట ఉంటుంది, పంటుంటే పని ఉంటుంది, పనుంటే ఊళ్లో కాపురాలుంటాయి.

ఇంకో భయం ఉంది. ఈసారి జనాభా లెక్కలు 2027 మార్చి 1 ప్రాతిపదికగా తీస్తారు. మనుషులను లెక్కపెట్టడానికి లెక్కలవాళ్లు ఇల్లిల్లూ తిరిగేది ఫిబ్రవరిలో. మా ఊళ్లు బాగా ఖాళీగా ఉండే నెల అదే. ఆ రోజులన్నీ ఊళ్లో లేనివాళ్లను ఉన్నచోటే లెక్కిస్తారు. అంటే మా మండలాల మనుషులు బెంగళూరు, హైదరాబాదుల ఖాతాలో పడతారు. రేపు నిధులు, నియోజకవర్గాలు, బడులు, ఆసుపత్రులు అన్నీ ఆ లెక్క మీదే నడుస్తాయి. జనాభా తగ్గితే ఢిల్లీలో రాష్ట్రం నష్టపోతుందని మీరు పోరాడుతున్నారు. అదే అన్యాయం రాష్ట్రం లోపల మా ప్రకాశం పడమటి మండలాలకు జరగబోతోంది. దయచేసి ఇప్పుడే ఏదైనా చేయండి. ఊరి సచివాలయాల్లో వలస రిజిస్టరు పెట్టించండి. ఎవరు వెళ్లారు, ఎక్కడికి, ఏ మేస్త్రీ వెంట, పిల్లలు ఎందరు అన్నది ఒక్కచోటైనా రాసి ఉండాలి. మనుషులు చనిపోయాక వివరాలు వెతుక్కునే దుస్థితి వద్దు.

బెంగళూరు, హైదరాబాదుల్లో మావాళ్ల కోసం ఒక కార్యాలయం, ఒక నంబరు, ఒక బీమా పెట్టండి. పక్క రాష్ట్రాల సంక్షేమ మండళ్లతో మాట్లాడి మావాళ్ల నమోదుకు దారి చూపండి. వలస పిల్లలకు హాజరు నిబంధన సడలించండి. ఇవన్నీ ఒక్కరోజులో కావని నాకూ తెలుసు. కానీ సీజనల్ హాస్టలు దసరాకు ముందు తెరవడానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఢిల్లీ వెళ్లక్కర్లేదు, ఒక్క సంతకం చాలు. ఈ ఏడు మా ఊరి నుంచి వెళ్లబోయే కుటుంబాల పిల్లల పేర్లు, తరగతులు, తల్లుల ఫోను నంబర్లు రాసి ఉంచాను. తల్లులతో మాట్లాడాను, హాస్టలు ఉంటే వదిలి వెళ్తామని మాట ఇచ్చారు. ఆ జాబితా ఎవరికి ఇవ్వాలో చెప్పండి, తెచ్చి ఇస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత అంగన్‌వాడీ కార్యకర్త,
కనిగిరి ప్రాంతం, ఉమ్మడి ప్రకాశం జిల్లా