క్యారియర్ అంటే ఇక్కడ మనిషి, నాయనా

నాయనా,

ఇక్కడ ఇంగ్లండులో అందరం బాగున్నాం. అమ్మ పంపిన ఊరగాయ ఇంకో నెల వస్తుంది.

మొన్న శనివారం నార్విచ్‌కు పోయినప్పుడు ఒక చిన్న మ్యూజియంలో పాత ఫోటో చూశాను. అప్పటినుంచి నువ్వే గుర్తుకొస్తున్నావు. గూడు కట్టిన గుర్రబ్బండి, పక్కన పగ్గం పట్టుకుని ఒకాయన. కింద ‘క్యారియర్’ అని ఉంది. మనకు క్యారియర్ అంటే అన్నం గిన్నెలే కదా. ఇక్కడ పల్లెకూ టౌనుకూ మధ్య సరుకులు చేరవేసే మనిషిని అలా పిలిచేవాళ్ళు.

సంతరోజు తెల్లారకముందే బండి కట్టేవాడు. గుడ్లు, వెన్న, కోళ్ళు వేసుకుని, జాగా ఉంటే ముసలివాళ్ళనూ ఎక్కించుకుని, టౌనులో సత్రం ఆవరణలో బండి విప్పేవాడు. ఇక ఊరందరి పనులూ ఆయనవే. ఒకరికి మందుసీసా, ఇంకొకరికి దారపుండ, మరొకరి బూట్లకు రిపేరు. పొద్దుగూకాక ఎవరివి వాళ్ళకిచ్చి కాస్త కూలి పుచ్చుకునేవాడు.

1918లో మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక సైన్యం లారీలు అమ్మకానికొచ్చాయి. ఇంటికొచ్చిన సైనికులు కొందరు వాటిని కొన్నారు. వారమంతా బస్తాలు మోసిన లారీలోనే సంతరోజు బల్లలు వేసి జనాన్ని ఎక్కించేవాళ్ళు. చాలా బండ్లకు గాలి టైర్లు కూడా లేవు, గట్టి రబ్బరే. ఆ కుదుపులకు గుడ్లబుట్ట ఒళ్ళో పెట్టుకున్న ఆడవాళ్ళ అవస్థ తలచుకుంటే పాపం అనిపించింది. 1930లో చట్టమొచ్చి లైసెన్సులు, టైములు కచ్చితమయ్యాక చిన్నవాళ్ళు చాలామంది పెద్ద కంపెనీలకు అమ్ముకున్నారు.

నువ్వు పీలేరు–తిరుపతి బస్సులో టికెట్లు కొట్టిన రోజుల్లో చేసింది ఆ పనే నాయనా. కాలిపోయిన బోరు మోటారు సీటు కింద పెట్టుకుని పోయి, వైండింగ్ చేయించి సాయంత్రం ట్రిప్పులో తెచ్చేవాడివి. చీటీ మీద రాసిచ్చిన మందులు చొక్కా జేబులో పెట్టుకుని వచ్చి, బస్సు ఆగగానే ముందు అవే ఇచ్చేవాడివి. నేను యూనివర్సిటీలో చదివేటప్పుడు నాకు అన్నం కూడా పొద్దున బస్సులోనే కదా వచ్చింది! బస్టాండులో ఆ గిన్నెల మూత తీస్తే సంగటి ఇంకా వెచ్చగా ఉండేది. ఊరిని బతికించిన పని అది. ఎక్కడా రాసి లేదని నాకు బాధగా ఉంది.

అందుకే ఒక పని చెయ్యి. పెట్రోలు దొరకని రెండో ప్రపంచయుద్ధ కాలంలో బొగ్గు బస్సు ఎక్కానని అవ్వ చెప్పేది గుర్తుందా? వెనకాల కొలిమిలాంటి డబ్బా, క్లీనరు చేత్తో ఫ్యాను తిప్పితే బొగ్గు రాజుకునేదని, భాకరాపేట కనుమలో ఎక్కుడు వస్తే జనం దిగి నడిచేవాళ్ళని. ఆమె ఓపికగా ఉన్నప్పుడు అడిగి ఫోన్లో రికార్డు చెయ్యి. నీ సంగతులు కూడా చెప్పు, ఏ ఊరి దగ్గర ఎవరు ఏం తెమ్మనేవాళ్ళో మొత్తం.

అటక మీద నా క్యారియర్ ఉంటే పారెయ్యనివ్వొద్దని అమ్మకు చెప్పు. మూత మీద నువ్వు మేకుతో చెక్కిన నా పేరు ఫోటో తీసి పంపు.

నీ కొడుకు